నత్తి మీద జోకు వద్దంటే భావస్వేచ్ఛ పోయినట్టేనా?

గోదారిగట్టు:
సూటిగా అడుగుతున్నా. ఎవర్నీ నొప్పించే మాట అనకూడదనే ఈ పొలిటికల్ కరెక్ట్‌నెస్ వచ్చాక మనం నవ్వడం మానేశామా లేదా? నత్తి మీద జోకు వేయకూడదు, లావు మీద వేయకూడదు, రంగు మీద, యాస మీద అసలే వేయకూడదు. రచయిత సీను రాసే ముందు అది పండుతుందా అని కాకుండా ఎవరికి కోపం వస్తుందో చూసుకుని రాస్తున్నాడు. 2019లో ‘వాల్మీకి’ అని పేరు పెట్టుకున్న సినిమా రేపు విడుదలనగా ‘గద్దలకొండ గణేష్’ అయిపోయింది. 2025 ఆగస్టులో వికలాంగుల మీద జోకులు వేశారని ఐదుగురు కమెడియన్లను క్షమాపణ చెప్పమని సుప్రీంకోర్టే చెప్పింది. జోకు నచ్చకపోతే నవ్వకండి, టికెట్ కొనకండి. నోరు కట్టేయడం ఎందుకు? ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

ఓరుగల్లు కోట:
తిట్టను. కానీ మీరు వేరువేరు సంగతులన్నీ ఒకే గాటన కట్టేశారు, నా అభ్యంతరం అక్కడే.

ఒక ప్రేక్షకురాలు సినిమా చూసి వచ్చి ‘ఈ సీను నాకు కష్టంగా అనిపించింది, ఇలాంటివి రాయకండి’ అని నాలుగు లైన్లు రాసిందనుకోండి. అది నోరు కట్టేయడం ఎలా అవుతుంది? ఆ దర్శకుడికి తీసే హక్కు ఉన్నట్టే ఆమెకు బాగోలేదని చెప్పే హక్కూ ఉంది, రెండూ రాజ్యాంగంలోని ఒకే 19వ అధికరణం కిందివి. ‘వాల్మీకి’ సంగతి వేరు. అక్కడ వాల్మీకిని తమవాడిగా భావించే బోయ సంఘాలు రోడ్డెక్కాయి, కోర్టుదాకా వెళ్లాయి. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, విడుదల ఆగిపోతుందన్న భయంతో పేరు మారింది. దాన్ని పొలిటికల్ కరెక్ట్‌నెస్ అంటే ఎలా, అది బలప్రదర్శన. మన దగ్గర ప్రతి కులానికీ సంఘం ఉంది, ప్రతి సంఘానికీ ఒక సినిమా మీద కోపం వస్తూనే ఉంటుంది.

ఇక అసలైన నోరు మూయించడం ఎలా ఉంటుందో చూడండి. 2012లో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ఊరంతా బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయినీ మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో అరెస్టు చేశారు. ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షన్ ఉండేది. ఆన్‌లైన్‌లో ఎవరికైనా చిరాకు తెప్పించారనిపిస్తే మూడేళ్లదాకా జైలు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల బెంచ్ దాన్ని కొట్టేసింది. కొట్టేసిన ఆరేళ్లకు, 2021లో కూడా, పోలీసులు ఇంకా ఆ సెక్షన్ కింద కేసులు రాస్తున్నారని తెలిసి సుప్రీంకోర్టే నివ్వెరపోయింది! ఇక్కడ మన దగ్గర 2018 జులైలో రాముడి గురించి టీవీ చర్చలో అన్న మాటలకు సినీ విమర్శకుడు కత్తి మహేశ్‌ను ఆరు నెలలు హైదరాబాద్‌లో అడుగుపెట్టొద్దని పంపేశారు. రెండు రోజులు తిరక్కుండానే ఆయన్ని వ్యతిరేకిస్తూ యాత్ర చేస్తానన్న పరిపూర్ణానంద స్వామికీ అదే శిక్ష. ఇద్దరి మాటల్లో ఏదీ మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చలేదు. కానీ మాట అన్నందుకు మనిషిని ఊరు దాటించారు కదా. నత్తి జోకుల కోసం ఇప్పుడు గొంతు చించుకుంటున్నవాళ్లలో ఆ రోజు ఎంతమంది మాట్లాడారు?

మూడో వరస సీటు:
నాకు నత్తి ఉంది. స్కూల్లో ఒక సినిమా డైలాగు నా పేరైపోయింది, పదో తరగతిదాకా అలాగే పిలిచారు. హాజరు పలకడానికి కూడా టెన్షన్ పడేవాణ్ణి. దానికి సినిమా వాళ్లను జైల్లో వేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఇది చెప్పగానే ‘అబ్బా, ఈమధ్య అందరికీ అన్నిటికీ మనోభావాలు దెబ్బతింటున్నాయి’ అంటారు. అంటే మీరు జోకు వేస్తే స్వేచ్ఛ, నేను నొచ్చుకున్నానని చెబితే స్వేచ్ఛ మీద దాడా?

ఇంకో సంగతి. 2024 జులైలో ఇలాంటి ఒక సినిమా మీదే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు రాశారు. సినిమా కత్తిరించమనలేదు, వికలాంగుడి జీవితాన్ని అర్థమయ్యేలా చేసే నవ్వు వేరు, అతన్ని దిగజార్చే నవ్వు వేరు అని చెప్పి, సినిమా వాళ్లు దేన్ని పాటించాలో రాశారు. నాకు ఆ దారి నచ్చింది. కమెడియన్లతో కోర్టు చెప్పించిన క్షమాపణ నచ్చలేదు. జడ్జి గారు చెప్పమంటే చెప్పిన సారీ నాకెందుకు?

గోదారిగట్టు:
మూడో వరస సీటు గారూ, మీరు చెప్పింది మనసుకు తగిలింది, మిమ్మల్ని అలా పిలిచినవాళ్ల పక్కన నేను నిలబడను. కానీ ఓరుగల్లు గారికి ఒక జవాబు ఉంది. పోలీసు లాఠీ ఒక్కటే ప్రమాదం అంటున్నారు. మాది రాజమండ్రి. 1881 డిసెంబరులో వీరేశలింగం గారు ఇక్కడ మొదటి వితంతు వివాహం చేసినప్పుడు ప్రభుత్వం అడ్డుపడలేదు. అడ్డుపడింది ఊరు. ఆ పెళ్లితో సంబంధం ఉన్నవాళ్లను వెలేసింది. కేసు లేదు, జైలు లేదు, అయినా మనిషి బతుకు నరకం. ఇవాళ ఆఫీసులో ఒక్క మాట జారితే హెచ్‌ఆర్, స్క్రీన్‌షాట్, ఉద్యోగం గోవిందా. మా టీమ్‌లో ఒకతను లంచ్‌లో యాస అనుకరించాడని ఫిర్యాదు పెట్టారు, వాడు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. ఇది వెలి కాదా?

సీరియల్ రైటర్:
పదేళ్లకు పైగా టీవీకి రాస్తున్నా, ఒక్క సంగతి చెప్పి పోతా. ఈ ఆంక్షలు కొత్తగా వచ్చాయనుకోకండి. శారీరకంగా, మానసికంగా వికలాంగులైనవాళ్లను హేళన చేసే సీన్లు ఉండకూడదని సెన్సార్ వాళ్ల మార్గదర్శకాల్లో 1991 నుంచే ఉంది. ఉన్నా ఆ తర్వాత ఎన్ని నత్తి పాత్రలు, ఎన్ని మెల్లకన్ను పాత్రలు వచ్చాయో మీకే తెలుసు. కాగితం మీది రూలు ఎవరి నోరూ కట్టలేదు. ఇప్పుడు తగ్గుతున్నాయంటే చూసేవాళ్లు నవ్వడం తగ్గించారు కాబట్టి. ఇంకా రాస్తున్నవాళ్లు ఎందుకు రాస్తారంటే అది సులువు, సాయంత్రానికి ఎపిసోడ్ ఇవ్వాలి, ఆలోచించే టైం లేదు.

ఓరుగల్లు కోట:
గోదారిగట్టు గారూ, వెలి గురించి మీరన్నది బలమైన మాట, తీసేయలేను. కానీ వెలేసింది ఎవరు? పురోహితుణ్ణి, బంధువుల్ని, పొరుగువాళ్లని అన్నిటినీ చేతిలో పెట్టుకున్న పెద్దలు. వెలేసింది ఎవర్ని? బతుకు మారాలని అడిగినవాళ్లను. ఇక్కడ నత్తి ఉన్న మనిషి ‘అలా అనకండి’ అంటున్నాడు. ఆయన చేతిలో ఏముంది మనల్ని వెలేయడానికి? మీరు భయపడాల్సింది కంపెనీకి, ఆయనకు కాదు. లంచ్‌లో అన్న ఒక్క మాటకి ఉద్యోగం తీయడం అన్యాయం, ఇది గట్టిగానే అంటాను, పిలిచి మాట్లాడితే పోయేదానికి బతుకుతెరువు తీయకూడదు. నిజం చెప్పాలంటే చాలా కంపెనీలకు యాస వల్ల నొచ్చుకున్న మనిషి మీద ప్రేమేమీ లేదు, వాళ్ల భయం పేరు పోతుందనే.

చట్టం గురించి కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ఉంది. నలుగురూ చూసేచోట వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్లదాకా జైలు. బస్సులో ఒక మనిషిని పట్టుకుని ఏడిపించేవాడి మీద అది వాడాలి, వాడటం లేదనే నా బాధ. స్టేజి మీద జోకు చెప్పినవాడి మీద వాడితే నేనే వ్యతిరేకిస్తాను, ఆ జోకు ఎంత చెత్తదైనా సరే. ఈ రెంటి మధ్య గీత గీయడానికి ఒప్పుకుంటారా, లేదా?

గోదారిగట్టు:
ఆ గీత వరకు ఒప్పుకుంటా. ఎవరైనా నొచ్చుకున్నామని చెబితే దాన్ని దాడి అనను. కానీ ఉద్యోగాల సంగతి తేలలేదు. పిలిచి మాట్లాడితే పోతుంది అన్నారు, ఎవరు పిలవాలి, ఎన్నిసార్లు చెప్పాక శిక్ష వేయాలి? మా టీమ్‌లో అతన్ని ఎవరూ పిలవలేదు, నేరుగా మెయిల్ వెళ్లింది. హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే రాయండి.