తిండి మారలేదు, షుగర్ మాత్రం పెరిగింది: దిగులు వల్లనేనా?

ప్రశ్న:
డిమెన్షియాతో ఉన్న మా అమ్మగారిని ఏడాదిన్నరగా ఇంట్లోనే చూసుకుంటున్నాను. ఆవిడ రాత్రిళ్ళు లేచి వీధి తలుపు గొళ్ళెం తీయబోతారు కనుక నాకు కంటి నిండా నిద్ర లేదు. తిండిలో ఏ మార్పూ లేకపోయినా, పరగడుపున 92 ఉండే షుగర్ ఈసారి 117 వచ్చింది. కూరలు తరుగుతుండగా వేలికి తగిలిన గాటు మూడు వారాలైనా పూర్తిగా మానలేదు. తినని చక్కెర రక్తంలోకి ఎక్కడి నుంచి వస్తుంది? గాయానికీ దిగులుకూ సంబంధం ఉంటుందా?

సమాధానం 1:
ఆ చక్కెర మీ కాలేయం నుంచే వస్తుందండీ. ఆపద తోచగానే అడ్రినలిన్ అనే హార్మోన్ క్షణాల్లో కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో ఉన్న చక్కెర నిల్వను కరిగిస్తుంది. ఆ వెనుక మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పంపిన సీఆర్‌హెచ్ అనే హార్మోన్ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని కదిలించగా, అది వదిలిన ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ రక్తంలో ప్రయాణించి, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల చేత ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్‌ను విడుదల చేయిస్తుంది. దీని పని నిదానం. కండరాల ప్రొటీన్లు విరిగి వచ్చిన అమైనో ఆమ్లాలతో కాలేయం చేత కొత్త గ్లూకోజ్ తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ ప్రభావాన్నీ తగ్గిస్తుంది. పరుగెత్తవలసిన ఆపదైతే ఆ చక్కెర ఖర్చయ్యేది; మీరు మంచం మీద కూర్చుని గొళ్ళెం చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటున్నారు.

సమాధానం 2:
గాయం సంగతికి వస్తే, 1995లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా మీవంటి వారినే పరీక్షించారు. డిమెన్షియా ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలకు, ఆ భారం లేని మరో 13 మందికి 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసినా నురగ రాని రోజున అది మానినట్లు లెక్కించారు. భారం లేనివారికి సగటున 39.3 రోజులు, సేవ చేసేవారికి 48.7 రోజులు పట్టింది. గాయం మానడానికి తొలి దశలో అవసరమయ్యే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్ కూడా సేవ చేసేవారి రక్తకణాల్లో తక్కువగా తయారైంది. అధ్యయనం చిన్నదే గాని, నాకు నమ్మదగినదిగా తోచింది.

సమాధానం 3:
అన్నీ దిగులు మీదికే నెట్టేయకండి. పరగడుపున 100 నుంచి 125 దాకా ఉంటే అది ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ కావచ్చు కనుక, సుమారు మూడు నెలల షుగర్ సగటును చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చేయించండి. కార్టిసాల్ పరీక్షకు సొంతంగా డబ్బు తగలేయవద్దు. అది తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి అడుగంటుతుంది గనుక ఒక్క అంకెతో ఏమీ తేలదు. ఈమధ్య స్టెరాయిడ్ ఏదైనా వాడారా? అవి కార్టిసాల్‌కు దాయాదులే.

ప్రశ్న అడిగినవారు:
పరీక్షకు వారం ముందు మోకాలికి ఇంజెక్షన్ వేయించుకున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అది స్టెరాయిడో కాదో చీటీ తీసి చూస్తాను. ఎల్లుండి ల్యాబుకు వెళ్ళి వచ్చేదాకా అమ్మ దగ్గర కూర్చుంటానని మా చెల్లెలు చెప్పింది.