నడుం నొప్పికి గట్టి పరుపే మంచిదా? కొనేముందు సలహా చెప్పండి

ప్రశ్న (ఒంగోలు):
అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకు 38 ఏళ్లు, 82 కేజీలు. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. రోజూ బైకు మీదే పోయి రావడం. ఆరు నెలలుగా పొద్దున లేవగానే నడుం పట్టేసి ఉంటోంది. మొహం కడుక్కోవడానికి వంగాలన్నా కష్టమే. ఓ గంట అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. పరుపు కొని నాలుగేళ్లయింది. పీచుది, 5 అంగుళాలు. మధ్యలో గుంత పడింది. కొన్న షాపుకు పోతే, వారంటీ ఉంది గానీ మరక ఉంది కాబట్టి వర్తించదన్నారు. ఆ మరక మా పాప పుణ్యం! 20 వేల లోపు డబుల్ కాట్‌కు ఏది తీసుకోవాలి? బాగా గట్టిది కొనమని అందరూ అంటున్నారు. ఇంట్లో ఏసీ లేదు.

కందుకూరు నుంచి ఓ పెద్దాయన:
పరుపే వద్దు నాయనా. మా నాయన బతికినన్నాళ్లూ నవారు మంచం మీదే పడుకున్నాడు, ఎండాకాలం వాకిట్లో చాప. నడుం నొప్పి అనే మాట ఆయన నోట వినలేదు. నేల మీద పడుకో, అదే పోతుంది.

కావలి, ఫిజియోథెరపిస్టును:
బాబాయ్ గారూ, నవారు మంచం గట్టిది కాదు కదండీ, వదులైతే ఉయ్యాలే. మీ నాయన గారి నడుమును కాపాడింది పొలం పని అయి ఉంటుంది.

తమ్ముడూ, గట్టి పరుపు నడుముకు మంచిదనేది పాత మాట. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఎప్పట్నుంచో నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి బాగా గట్టి పరుపు, కొందరికి ఒక మోస్తరు గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారు. మోస్తరు పరుపు వాళ్లకే పడుకున్నప్పుడూ, లేచేటప్పుడూ నొప్పి ఎక్కువ తగ్గింది.

షాపులో చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. చెప్పులు విప్పి పది నిమిషాలు పడుకో, సిగ్గుపడొద్దు. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి పెట్టు. చెయ్యి ఖాళీగా ఆడితే పరుపు మరీ గట్టిది, దూరనే దూరకపోతే మరీ మెత్తన. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే భుజం, తుంటి కొంచెం దిగాలి, లేకపోతే వెన్ను వంకరగా ఉంటుంది. అలా పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో.

ఒక్క మాట. నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరి, బలహీనత ఉన్నా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా పరుపు సంగతి పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించు. ఒంటికి, రెంటికి పట్టు తప్పితే ఆ రోజే పోవాలి.

నెల్లూరు, పరుపుల షాపులో 15 ఏళ్లుగా పనిచేస్తున్నా:
నా వ్యాపారానికి నేనే అడ్డం పడుతున్నా గానీ చెప్తా. కొత్తది కొనకముందు పాత పరుపును నేల మీద వేసి ఒక వారం పడుకో. నొప్పి తగ్గితే తప్పు మంచానిది. మా దగ్గరికి పరుపు మార్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది కింద ప్లైవుడ్ ఎట్టుందో చూసి ఉండరు. వంగిన ప్లై మీద ఏ పరుపు వేసినా గుంతే.

కొనాల్సే వస్తే డెన్సిటీ అడుగు. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. ఒక క్యూబిక్ మీటరు ఫోమ్ ఎన్ని కేజీలు తూగుతుందో అదే డెన్సిటీ. 40 అంటే 40 కేజీలు. అది ఎక్కువుంటే తొందరగా దిగిపోదు. దీన్ని పట్టుకోవడం సులభం. 78 బై 60, 6 అంగుళాల మందం, మొత్తం ఒకే ఫోమ్ అయితే 40 డెన్సిటీది దాదాపు 18 కేజీలు ఉండాలి. 32ది 15 కేజీల లోపే ఉంటుంది. ముక్కలు అతికించి నొక్కిన ఫోమ్ మాత్రం బరువుంటుంది, దానికి ఈ లెక్క పనికిరాదు.

ఏసీ లేదన్నావు గదా, మెమరీ ఫోమ్ జోలికి పోవద్దు. ఒంటి వేడికి మెత్తబడి ఆ వేడినే పట్టి ఉంచుతుంది. రోహిణి కార్తెలో మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు దాని మీద పడుకున్నోడు అర్ధరాత్రి డాబా ఎక్కుతాడు. లేటెక్స్ చల్లగా, బాగుంటుంది గానీ నీ 20 వేలకు రాదు. పీచుకు గాలి ఆడుతుంది, తడి, మడత దానికి పడవు. పీచు మీద రెండంగుళాల మంచి ఫోమ్ ఉన్నవి దొరుకుతాయి, నేనైతే అదే చూస్తా. మంచం లోపలి కొలత టేపుతో కొలుచుకుని పో. వడ్రంగి చేసిన మంచాలు 75 కూడా ఉంటాయి, 72 కూడా ఉంటాయి. ఆన్‌లైన్‌లో 100 రాత్రుల ట్రయల్ ఇచ్చేవాళ్లున్నారు, తిరిగి తీసుకెళ్లడానికి మీ ఊరికి వస్తారో లేదో ముందే అడుగు.

కనిగిరి నుంచి:
మా ఇంట్లో ఇప్పటికీ దూది పరుపే. ఎండలో వేసి, ఉండలు కట్టినప్పుడు మళ్లీ ఏకించుకుంటాం. బూరుగు దూది దిండు మాత్రం ఎవరడిగినా ఇవ్వను.

అడిగినాయన (వారం తర్వాత):
అందరికీ థ్యాంక్స్. పరుపు ఎత్తి చూస్తే ప్లై కింద అడ్డపట్టీ విరిగి ఉంది! ఎప్పుడు విరిగిందో మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. నేల మీద ఆరు రాత్రులు పడుకున్నా, సగం నొప్పి తగ్గింది. వడ్రంగిని పిలిచి 1,400తో పట్టీ, ప్లై మార్పించా. గుంత మాత్రం గుంతే కాబట్టి పరుపు ఎట్టాగూ కొనాలి.

నిన్న ఇక్కడే ఒక షాపుకు పోయి 40 డెన్సిటీ అని రాసిన 78 బై 60 ఫోమ్ పరుపును తూకం వేయమన్నా. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి పక్కనున్న సిమెంటు కొట్టు కాటా మీద పెట్టించా. 14 కేజీల 200.

నెల్లూరు:
మందం ఎంత?

అడిగినాయన:
6 అంగుళాలే అన్నా. టేపు కూడా పెట్టా.

నెల్లూరు:
అయితే ఇంకో షాపు చూడబ్బయా. టేపు జేబులోనే ఉంచుకో.