పరీక్షలన్నీ బాగున్నా జబ్బు భయం వదలడం లేదు, ఎలా బయటపడాలి?

ఎలగందుల:

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు, కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం. నాకంటే రెండేళ్లు పెద్దవాడైన మా మేనబావ పోయిన ఎండాకాలంలో ఉదయం నడకకు వెళ్లి, గుండెపోటుతో దారిలోనే కన్నుమూశాడు. కర్మకాండలు ముగిసిన కొద్ది రోజులకే నాకు రాత్రిపూట గుండెదడ మొదలైంది. మధ్యమధ్యలో గుండె ఒకసారి కొట్టుకోవడం మానేసి, ఆ వెంటనే ఛాతీలో బరువుగా తన్నినట్టు అనిపించేది. గుండె వైద్యుడు ఇ.సి.జి., టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, అన్నీ బాగున్నాయని చెప్పారు. రిపోర్టు చేతికి వచ్చిన నాడు ప్రాణం లేచి వస్తుంది, కడుపునిండా తింటాను, పిల్లలతో ఆడుకుంటాను. కొద్ది రోజులు గడిచేసరికి, పరీక్ష అయిపోయిన తరువాత రక్తనాళంలో కొత్తగా అడ్డు ఏర్పడి ఉంటే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన వస్తుంది, ఇక కథ మళ్లీ మొదటికే.

ఇప్పుడు భయం గుండెతో ఆగలేదు. గడ్డం గీసుకుంటుండగా దవడ కింద శనగగింజంత గడ్డ వేలికి తగిలింది. అది లింఫ్ గ్రంథి అని, అందరికీ ఉండేదేనని వైద్యుడు చెప్పినా, కౌంటరులో ఖాతాదారు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు కూడా నా వేలు అక్కడికే పోతోంది. పగలంతా వత్తడం వల్ల సాయంత్రానికి అక్కడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పిని బట్టి గడ్డ పెరుగుతోందని మళ్లీ హడలిపోతాను. రాత్రి పడుకోబోయే ముందు ఫోనులో లక్షణాలు వెతుకుతాను, మా ఆవిడను నాడి చూడమంటాను. మా అమ్మ దిష్టి తీసి, కొండగట్టు అంజన్న దగ్గర తాయెత్తు కట్టించింది.

ఇది ఆరోగ్య ఆందోళన అని, మానసిక వైద్యుడిని కలవమని తెలిసినవారొకరు చెప్పారు. నా సందేహం ఏమిటంటే, దీన్ని మనసుకు సంబంధించిన సమస్యగా ఒప్పుకున్నాక రేపు నిజంగానే ఏదైనా జబ్బు వస్తే, దాన్ని కూడా ఆందోళన కిందే కొట్టిపారేయరా? దీని నుంచి బయటపడినవారు ఎవరైనా ఉంటే, ఎలా బయటపడ్డారో దయచేసి వివరించగలరు.

బందరు కాలువ:

మీకు గుండె అయితే నాకు మెదడులో కణితి. తల ఎటు నొప్పి పెట్టినా అదేనని నమ్మేవాడిని. ఎం.ఆర్.ఐ. తీయించుకున్నాక కూడా, ఆ ఫిలిం చదివిన రేడియాలజిస్టు ఆ రోజు ఎంత హడావుడిలో ఉన్నాడో అని అనుమానించిన మనిషిని.

మీ జబ్బు ఎలా నడుస్తోందో మీ ప్రశ్నలోనే ఉంది. రిపోర్టు చూడగానే భయం దిగిపోతుంది, ఆ దిగిపోవడంలో ఉన్న హాయికి మనసు అలవాటు పడుతుంది, తరువాత చిన్న అనుమానం వచ్చినా అదే హాయి కోసం మళ్లీ పరీక్షో, వెతుకులాటో, పక్కవారి భరోసానో కావాలంటుంది. పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే బ్రిటిష్ నిపుణులు ఈ తీరును ఎప్పుడో 1980లలోనే వివరించారు. విజయవాడలో నన్ను చూసిన సైకాలజిస్టు మొదటి రోజే, నాకు కణితి లేదని నిరూపించే పని తాను పెట్టుకోనని, అలా నిరూపించడం ఇప్పటికే చాలామంది వైద్యులు చేసినా నాకు ఒరిగిందేమీ లేదని అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాటలో తప్పేముందో ఎంత వెతికినా దొరకలేదు.

ఆ తరువాత చేయించిన పని చూడటానికి చిన్నదే. భయం పుట్టిన ప్రతిసారీ దాన్ని దించుకోవడానికి నేను ఏమేమి చేస్తున్నానో ఒక పుస్తకంలో రాయించారు. అద్దంలో కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయా అని చూసుకోవడం, ఒంటికాలి మీద నిలబడి తూలుతున్నానా అని పరీక్షించుకోవడం, తలనొప్పి గురించి వెతకడం, మా అన్నయ్యకు ఫోను చేసి లక్షణాలు చెప్పడం, ఇలా రాస్తూ పోతే నా రోజులో సగం దానికే పోతోందని తేలింది. వాటిలో అన్నిటికంటే తేలికైనదాన్ని ముందు వాయిదా వేయించారు. వెంటనే చూసుకోకుండా గంట ఆగి, అప్పటికీ చూసుకోవాలనిపిస్తే చూసుకోమన్నారు. ఆ గంటలో భయం పైకి పోతుంది, అక్కడే కొంతసేపు ఉంటుంది, మనం ఏమీ చేయకపోయినా నెమ్మదిగా దిగుతుంది. ఎవరో చెబితే ఇది నమ్మబుద్ధి కాదు, ఒంటి మీద అనుభవించాలి. ఆ తరువాత రెండో మెట్టు: భయపడి మానేసిన పనులను తిరిగి మొదలుపెట్టడం. నేను ఆసుపత్రి ఉన్న వీధిలోంచి వెళ్లడం, కాన్సరుతో పోయినవారి ఇంటికి పరామర్శకు వెళ్లడం మానేశాను. మీరు బహుశా మెట్లెక్కడం, వేగంగా నడవడం మానేసి ఉంటారు. మీ గుండె వైద్యుడు సరేనంటే, రోజూ కావాలనే మెట్లెక్కి, గుండె వేగంగా కొట్టుకోనిచ్చి, నాడి పట్టుకోకుండా ఊరుకోవడమే మీకు మందు.

నేను మాత్రలు కూడా వాడాను. ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రాం వంటివి పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, తొలి రోజుల్లో వికారం, కాస్త అలజడి ఉండవచ్చు. మనలాంటివారు ఆ వికారాన్ని కొత్త జబ్బుగా లెక్కగట్టి మూడో రోజే మానేస్తారు, కనుక మీ స్వభావాన్ని వైద్యుడికి ముందే చెప్పండి. మందుల డబ్బాలోని కాగితాన్ని మడత విప్పకుండానే పారేయమని నా సలహా. ఏం గమనించుకోవాలో వైద్యుడిని అడిగితే సరిపోతుంది. భయాన్ని వెంటనే అణిచే అల్ప్రజోలం మాత్రను మాత్రం ఎవరో ఇచ్చారని సొంతంగా వేసుకోకండి, అది అలవాటు పడే మందు.

ఓపీ గది:

నేను జనరల్ ఫిజీషియన్‌ని. పైవారు చికిత్స గురించి బాగా చెప్పారు కాబట్టి మీ అసలు సందేహానికే జవాబిస్తాను. ఆందోళన ఉందని నిర్ధారణ అయినంత మాత్రాన శరీరాన్ని చూడటం ఎవరూ మానరు, మానకూడదు కూడా. గుండెదడతో వచ్చినవారికి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయడం సముచితమే, మీకు అవి చేశారో లేదో ఒకసారి చూసుకోండి. మీరు చెప్పిన, గుండె ఒకసారి తప్పి తరువాత బలంగా కొట్టుకున్నట్టు ఉండటం, ఎక్కువగా ఎక్టోపిక్ బీట్లు, అంటే వేళకు ముందే పడే అదనపు గుండె కొట్టుకోవడాల వల్ల జరుగుతుంది. గుండె ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా ఇవి సర్వసాధారణం. నిద్ర తక్కువైనా, కాఫీ ఎక్కువైనా, మనసు కలత పడినా పెరుగుతాయి. అయితే నడిచినప్పుడు లేదా బరువు ఎత్తినప్పుడు ఛాతీ బిగబట్టి ఆగితే తగ్గడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు పట్టడం, స్పృహ తప్పడం వంటివి జరిగితే ఇలాంటి చర్చలేవీ చదవకుండా 108కి ఫోను చేయాలి. అలాగే గ్రంథి గట్టిగా, కదలకుండా ఉన్నా, వారాల తరబడి పెరుగుతూ పోయినా, కాలర్ ఎముక పైన తగిలినా చూపించాలి. వేలితో జరిపితే జరిగే శనగగింజంతదాన్ని వత్తకుండా వదిలేయాలి.

హెల్త్ చెకప్ ప్యాకేజీల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. లాబ్ కాగితం మీద పక్కన ఇచ్చే సాధారణ పరిమితులను సాధారణంగా ఆరోగ్యవంతులలో 95 శాతం మంది ఇమిడేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక పరీక్షలో అంకె గీత దాటే అవకాశం 5 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, కనీసం ఒక్కటైనా గీత దాటి బోల్డు అక్షరాల్లో రావడానికి దాదాపు 64 శాతం అవకాశం ఉంటుంది. ప్యాకేజీలో డెబ్బై పరీక్షలు ఉన్నాయని సంతోషించేవారు దీన్ని ఆలోచించరు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరులో 46 ఏళ్లకే మరణించినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షలకు జనం బారులు తీరారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ భయంతో చేయించుకునే పరీక్షకు అంతు ఉండదు. ఒక్క వైద్యుడినే ఎంచుకుని, లక్షణం వచ్చినప్పుడల్లా పరుగెత్తకుండా, ఆయన చెప్పిన తేదీకి మాత్రమే వెళ్లండి. మధ్యలో నేను పైన చెప్పిన ప్రమాద సూచనలు కనిపిస్తే తప్ప కొత్త పరీక్షలు వద్దు.

దీన్ని మనసు బలహీనతగా భావించి సిగ్గుపడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వ్యాధుల వర్గీకరణ దీన్ని ఓ.సి.డి. (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఉండే సమస్య) సంబంధిత సమస్యల సరసన చేర్చింది. ఇంగ్లండులో గుండె, జీర్ణకోశ, నరాల వైద్య విభాగాలకు వచ్చే రోగుల్లో ఈ భయం ఎక్కువగా ఉన్న 444 మందిపై జరిగిన అధ్యయనం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స, బందరు కాలువ గారు చెప్పిన తరహాది) తీసుకున్నవారికి మామూలు వైద్యం పొందినవారికంటే ఎక్కువగా భయం తగ్గింది, ఆ మేలు రెండేళ్ల తరువాత కూడా నిలిచింది. అందరికీ పూర్తిగా తగ్గిందని కాదు, అలా ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మల్లెపందిరి:

నేను రోగిని కాను, రోగి భార్యను. ఇక్కడ రాసినవారంతా మీ గురించే మాట్లాడారు కాబట్టి మీ శ్రీమతి గారి కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. మా వారు రాత్రి పదకొండు గంటలకు నాలుక బయటపెట్టి, దాని మీద ఆ తెల్లటి మచ్చ నిన్న కూడా ఉందా అని అడిగేవారు. ఏమీ లేదంటే, సరిగా చూడలేదని ఫోను టార్చి వేసి మళ్లీ చూపించేవారు. విసుక్కుంటే ఆయనకు తాను ఒంటరినన్న భావన కలిగేది, ఓపికగా చూస్తే మర్నాడు మరో ప్రశ్న పుట్టేది. చివరికి సైకాలజిస్టు ఎదుటే ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన అడిగితే నేను కోప్పడను, జవాబూ చెప్పను. "ఇది మనం అనుకున్న ప్రశ్నే కదండీ, భయంగా ఉందని తెలుసు, రండి కాసేపు మేడ మీద నడుద్దాం" అని మాత్రం అంటాను. మొదట్లో ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. ఈ ఒప్పందం ముందుగా ఇద్దరూ కూర్చుని చేసుకోవలసింది, ఉన్నట్టుండి ఒకరోజు జవాబు చెప్పడం మానేస్తే అది శిక్షలా తోస్తుంది. మీ అమ్మగారి తాయెత్తును తీసేయనవసరం లేదు, పెద్దావిడ మనశ్శాంతి కూడా ముఖ్యమే. భయం వేసిన ప్రతిసారీ దాన్ని తడుముకుంటూ ఉంటే మాత్రం అదీ నాడి పట్టుకోవడం కిందకే వస్తుంది.

ఎలగందుల:

అందరికీ ధన్యవాదాలు. థైరాయిడ్ పరీక్ష చేశారు, మామూలుగానే ఉంది. మెట్లెక్కడం మానేశానని బందరు కాలువ గారికి ఎలా తెలిసిందో గాని, అది నిజం. ఒక్కటే అడుగుతాను: అర్ధరాత్రి దడతో లేచి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందనట్టు అయినప్పుడు ఆ క్షణంలో ఏం చేయాలి? మా దగ్గర సైకాలజిస్టు దొరకకపోతే ఎవరిని అడగాలి?

బందరు కాలువ:

ముందు పై డాక్టరు గారు చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నాయేమో చూసుకోండి, ఒక్కసారే. అవి లేకుండా మీకు అలవాటైన ఆ దడే అయితే, అది సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి తరువాత దిగుతుంది. భయంలో వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, కనుక ఇంకా గట్టిగా గాలి పీల్చుకోవాలని చూడకండి. వదిలే ఊపిరిని తీసుకునేదానికంటే నిడివిగా, మెల్లగా వదలండి. గడియారం, ఆక్సీమీటరు, ఫోను పడకగదిలో ఉంచకండి. దడను ఆపాలని ప్రయత్నించకుండా, అది వచ్చిందని గుర్తించి ఉండనివ్వండి. తెల్లారి నిద్ర చాలలేదని సెలవు పెట్టకుండా బ్యాంకుకు వెళ్లండి.

సైకాలజిస్టు విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 2022 నుంచి నడుస్తోంది. 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, మీ జిల్లాలో ఎవరిని కలవాలో కూడా అడగవచ్చు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చాలామంది సైకాలజిస్టులు ఇప్పుడు వీడియో కాల్‌లో కూడా చూస్తున్నారు. ఎవరిని కలిసినా, ఆరోగ్య ఆందోళనకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసిన అనుభవం ఉందా అని మొదటే అడగండి, ఊరికే ధైర్యం చెప్పి పంపేవారి దగ్గర డబ్బు తగలేయవద్దు.