వేసవి సెలవుల్లో అరబిక్ చదువుకోవడానికి అమ్మాన్ మంచిదా, రబాత్ మంచిదా?

రాజోలు_పిల్ల:
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం, అరబిక్ చదువుతున్నాను. 2026 వేసవి సెలవుల్లో ఆరేడు వారాలు ఏదైనా అరబ్బు దేశంలో ఉండి నేర్చుకుందామని చూస్తున్నాను. జోర్డాన్‌లో అమ్మాన్, మొరాకోలో రబాత్, ఈ రెండూ మనసులో ఉన్నాయి. పుస్తకం చదవగలను, వ్యాకరణం ఫర్వాలేదు, అల్ జజీరా వార్తలు పెడితే సగం తెలుస్తాయి, కానీ ఈజిప్టు సీరియల్ పెడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకో సంగతి, మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్లి చాలా ఏళ్లు ఉండి వచ్చింది. అలిఫ్ కూడా రాయడం రాదు కానీ, ఫోన్‌లో పాత మేడంతో గడగడా మాట్లాడుతుంటే నేను నోరెళ్లబెట్టి చూస్తాను. కాలేజీలో ఒక సారేమో అది పనివాళ్ల అరబిక్, దాని జోలికి పోకు అన్నారు. ఇంట్లో అరబ్బు దేశం అనగానే ఏజెంటు, పాస్‌పోర్ట్ లాక్కోవడం, ఇవే గుర్తొచ్చి నానమ్మ ఒకటే టెన్షన్. అమ్మ మాట్లాడేది నాకేమైనా పనికొస్తుందా? ఎక్కడికి వెళ్లమంటారు?

భీమవరం_అక్క:
చెల్లీ, అమ్మాన్ వెళ్లు. నేను అక్కడ వేసవి కోర్సు చేశాను. 2011లో సిరియాలో గొడవలు మొదలయ్యే వరకు బయటి విద్యార్థులు ఎక్కువగా డమాస్కస్ వెళ్లేవాళ్లు, తర్వాత చాలామంది అమ్మాన్ వైపు మళ్లారు, అందుకే బయటివాళ్లకి నేర్పే అలవాటున్న టీచర్లు అక్కడ బాగా దొరుకుతారు. ఫుస్‌హా అంటే పుస్తకాల, వార్తల అరబిక్, అమ్మియా అంటే వాడుక భాష, రెండూ కలిపి చెప్పే కోర్సే తీసుకో, ఒక్క ఫుస్‌హానే నేర్చుకుని కూరగాయల కొట్టుకి వెళ్తే నీ మాట వాళ్లకి తెలుస్తుంది, వాళ్లు తిరిగి చెప్పేది నీకు తెలియదు. ఊరు కొండల మీద ఉంటుంది కాబట్టి ఎండ ఉన్నా మన రోహిణి కార్తె ఉక్కపోత ఉండదు, సాయంత్రం చల్లగాలి కూడా వేస్తుంది. సెలవు శుక్రవారం, శనివారం. బక్రీద్ మే నెలాఖరులో వస్తోంది, అప్పుడు క్లాసులుండవు, తేదీలు చూసుకుని ఫీజు కట్టు.

డబ్బు కాస్త ఎక్కువైనా సరే ఏదైనా కుటుంబంతో ఉండు, హాస్టల్లో ఉంటే అందరూ ఇంగ్లీషులోకి జారిపోతారు. నేనున్న ఇంట్లో పెద్దాయన యాలకుల కాఫీ చెవి లేని చిన్న కప్పులో, అడుగున కొంచెమే పోసేవారు. తాగగానే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ చిన్నగా ఊపి ఇవ్వాలి, అలా ఊపేదాకా పోస్తూనే ఉంటారు. మన్‌సఫ్, అంటే అన్నం మీద మాంసం వేసి పెట్టే అక్కడి వంటకం, పెడితే ఒకే పెద్ద పళ్లెం చుట్టూ చేరి కుడిచేత్తో అన్నం ముద్ద చేసుకుని తింటారు, మన గోదావరి వాళ్లకి ఆ తినడంలో ఏ ఇబ్బందీ లేదు. ఇవన్నీ చూస్తూ, అడుగుతూ ఉంటేనే మాట నోటికి వస్తుంది.

నరసాపురం_డ్రైవర్:
ఆయ్, నేను కువైట్‌లో బండి తోలినవాణ్నండి, చదువుకున్నవాణ్ని కాదు. కానీ ఆ సారు అన్నమాట నాకు నచ్చలేదు. అక్కడ రెండు రకాలుంటాయి తల్లీ. మనవాళ్లు, బంగ్లా వాళ్లు, కొట్టువాళ్లు మాట్లాడుకునేది ఒకటి, 'తెలియదు' అనడానికి 'మాఫీ మాలూమ్' అని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇళ్లలో చేసిన ఆడవాళ్లది వేరు, పిల్లల్ని పెంచారు, ముసలమ్మల పక్కన కూర్చున్నారు, వాళ్లకి అసలు కువైటీ భాషే వస్తుంది. గొంతులోంచి పలికే ఆ అక్షరాలు మీ అమ్మగారికి ఎప్పుడో పట్టుబడి ఉంటాయి. వెళ్లేలోపు రోజూ ఓ అరగంట ఆవిడ చేత మాట్లాడించు, రికార్డు చేసుకో. మేడంతో ఎలా మాట్లాడేవారో, మేడం పిల్లాడికి అన్నం తినిపించేటప్పుడు ఏమనేవారో అడుగు, ఈ రెండూ ఒకలా ఉండవు. ఆవిడ కష్టపడి నేర్చుకున్న భాష అది, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

కాకినాడ_చదువరి:
రబాత్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తానండి. మొరాకో గొప్ప దేశం, ఫెస్ నగరంలో 859 నాటి ఖరవియ్యీన్ మసీదు, విద్యాలయం ఉంది, మన దేశానికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా 1304లో పుట్టింది అక్కడి టాంజియర్‌లోనే. కానీ వీధిలో మాట్లాడే దారిజా మిగతా అరబ్బులకే కష్టం, అచ్చులు మింగేస్తారు, ఫ్రెంచ్ మాటలు కలుపుతారు. 'నాకు కావాలి' అనడానికి మీ అమ్మగారు 'అబీ' అంటారు, అమ్మాన్‌లో 'బిద్ది', మొరాకోలో 'బ్‌గీత్'. ఆరేడు వారాలే ఉంటారు కాబట్టి ఎక్కువమందికి అర్థమయ్యే షామీ మాండలికమే, అంటే జోర్డాన్, సిరియా వైపు మాట్లాడేదే మేలు. మొరాకో చరిత్ర మీద పని చేయాలనుకుంటే తర్వాత వెళ్లండి. ఒమాన్‌లో నిజ్వా దగ్గర మనహ్‌లో బయటివాళ్లకి అరబిక్ నేర్పే సుల్తాన్ ఖాబూస్ కాలేజీ ఉంది, మంచిదే, కాకపోతే జూన్‌లో ఆ ఎండ తట్టుకోవడం కష్టం.

మీ నానమ్మగారికి ఒకటి చెప్పండి, ఇది ఉద్యోగం వీసా కాదు, మధ్యలో ఏజెంటు అక్కర్లేదు. సీటు, ఫీజు, వీసా అన్నీ ఆ సంస్థతోనూ ఎంబసీతోనూ నేరుగా మాట్లాడుకోండి, అక్కడికి వెళ్లాక పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉంచుకోండి.

రాజోలు_పిల్ల:
అందరికీ చాలా థాంక్సండి, అమ్మాన్‌కే అప్లై చేస్తాను. ఇంకొకటి, మేం క్రిస్టియన్లం, ఆదివారం చర్చికి వెళ్లకుండా ఉండలేను, అక్కడ కుదురుతుందా?

భీమవరం_అక్క:
ఎందుకు కుదరదు చెల్లీ, అమ్మాన్‌లో చర్చిలు బాగానే ఉన్నాయి, ఆరాధన అరబిక్‌లోనే జరుగుతుంది. ఆదివారం పొద్దున క్లాసు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆరాధన ఎక్కడుందో ముందే కనుక్కో. ముప్పై కిలోమీటర్ల దూరంలో మాదబా ఉంది, అక్కడి సెయింట్ జార్జ్ చర్చిలో నేల మీద ఆరో శతాబ్దంలో రంగురాళ్లతో పరిచిన మ్యాపు ఉంటుంది, ఒక శనివారం తప్పకుండా వెళ్లి చూడు. 1865లో పూర్తయిన వాన్ డైక్ అరబిక్ బైబిల్ ఇప్పటికీ చదువుతారు, అది ఒకటి కొనుక్కో. అందులోని కీర్తనలు నీకు తెలుగులో నోటికి వచ్చే ఉంటాయి కదా, అర్థం ముందే తెలుసు కాబట్టి డిక్షనరీ తీయకుండా గబగబా చదువుకుంటూ పోవచ్చు.