రెండు ఎక్స్‌బాక్సులు, ఒక పీఎస్5, ఒకే రౌటర్: యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంచాలా, తీసేయాలా?

కూకట్‌పల్లి_కంట్రోలర్
ఇంట్లో మూడు కన్సోళ్ళున్నాయి. నాది సిరీస్ ఎక్స్, తమ్ముడిది సిరీస్ ఎస్, మా బావ తెచ్చి ఇక్కడే వదిలేసిన పీఎస్5 ఒకటి. ఒక్కరమే ఆడితే పెద్ద బాధేం లేదు. నేనూ తమ్ముడూ ఒకేసారి కాల్ ఆఫ్ డ్యూటీలోకి వెళ్తే మాత్రం నాకు నాట్ టైప్ (రౌటర్ వెనకున్న కన్సోల్‌ని బయటివాళ్ళు ఎంత సులువుగా చేరగలరో చెప్పే గుర్తు) మోడరేట్ అని, వాడికి స్ట్రిక్ట్ అని చూపిస్తుంది, లాబీ దొరకదు, దొరికినా గేమ్ చాట్‌లో ఒకరి మాట ఒకరికి వినపడక పక్క గదిలోంచి అరుచుకుంటున్నాం. నెట్‌వర్కింగ్ ఉద్యోగం చేసే ఫ్రెండ్ ఒకడు యూపీఎన్‌పీ (కన్సోల్ తనే రౌటర్‌ని అడిగి పోర్టు, అంటే నంబరున్న దారి, తెరిపించుకునే పద్ధతి) జోలికే పోవద్దు, చేత్తో పోర్ట్ ఫార్వర్డ్ (ఫలానా పోర్టుకి వచ్చేదాన్ని ఫలానా కన్సోల్‌కి పంపమని రౌటర్లో రాయడం) చేసుకో అంటాడు. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా యూపీఎన్‌పీ ఆన్ చెయ్యి, అయిపోయింది అంటారు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్, నెట్ వాళ్ళిచ్చిన డబ్బాకి మేం కొన్న రౌటర్ తగిలించాం. ఎవరి మాట వినాలి?

పోర్టు_పంతులు
నీ ఫ్రెండ్ మాటే వినాలి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఇంట్లో ఉన్న ఏ పరికరమైనా సరే, పాస్‌వర్డ్ లేకుండా, నీకు చెప్పకుండా రౌటర్‌ని అడిగి బయటి నుంచి లోపలికి దారి తెరిపించుకోవచ్చు. కన్సోల్ అడిగినా తెరుస్తుంది, అమీర్‌పేటలో చవగ్గా కొన్న సీసీ కెమెరా డీవీఆర్ అడిగినా తెరుస్తుంది. ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2013 జనవరిలో రాపిడ్7 అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు ఇంటర్నెట్ అంతా గాలిస్తే 8 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లు బయటి నుంచి పంపిన యూపీఎన్‌పీ పలకరింపుకి జవాబిచ్చాయి. 2017లో పింక్‌స్లిప్‌బాట్ అనే మాల్వేర్ యూపీఎన్‌పీతోనే ఇళ్ళలో పోర్టులు తెరుచుకుని, ఆ పీసీలనే తన కంట్రోల్ సర్వర్లకి ముసుగుగా వాడుకుందని యాంటీవైరస్ కంపెనీ మెకాఫీ బయటపెట్టింది.

రెండు ఎక్స్‌బాక్సుల సమస్యకి మైక్రోసాఫ్టే దారి పెట్టింది. సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆల్టర్నేట్ పోర్ట్ సెలెక్షన్ అని ఉంటుంది. నీది 3074 మీదే ఉంచు, తమ్ముడిదానికి అక్కడి లిస్టులోంచి ఇంకో నంబర్ ఎంచు. రౌటర్లో రెండింటికీ మ్యాక్ అడ్రస్‌తో (ప్రతి పరికరానికీ ఉండే సొంత నంబర్) ఐపీ రిజర్వ్ చేసి, అంటే ఎప్పుడూ అదే ఐపీ వచ్చేలా పెట్టి, ఏ పోర్టు దానికి ఆ ఐపీకి ఫార్వర్డ్ చెయ్యి. పావుగంట పని.

రాత్రి_షిఫ్ట్
పంతులుగారూ, సగమే చెప్పారు. ఆ 2013 లెక్క బయటి వైపు నుంచి వచ్చే పలకరింపుకి జవాబిచ్చిన పరికరాలది, అంటే తయారీదారు చేసిన వెధవ పని. ఇంటి లోపలి వైపు మాత్రమే వినే రౌటర్‌కి ఆ లెక్క అంటగట్టకూడదు. మాల్వేర్ సంగతంటారా, పీసీలోకి అది దూరిందంటే బయటికి తనే కనెక్షన్ పెట్టుకుంటుంది, దానికి ఎవరూ పోర్టు తెరవక్కర్లేదు, అప్పటికే ఇల్లు గుల్లయినట్టు లెక్క.

ఇక మీ పావుగంట పని. ఎక్స్‌బాక్స్ ఆన్‌లైన్‌కి యూడీపీ 3074 (యూడీపీ, టీసీపీ అంటే డేటా పంపే రెండు పద్ధతులు). ప్లేస్టేషన్‌లో కాల్ ఆఫ్ డ్యూటీకి ఆ గేమ్ కంపెనీ యాక్టివిజన్ చెప్పేవి టీసీపీ 1935, 3478 నుంచి 3480 దాకా, యూడీపీ 3074, 3478, 3479. మళ్ళీ 3074 వచ్చింది చూశారా? బయటి పోర్టు ఒక్కటి లోపల ఒక్క ఐపీకే వెళ్తుంది. ఎక్స్‌బాక్స్‌కి ఇస్తే పీఎస్5కి లేదు. పైగా ఆల్టర్నేట్ పోర్టు మార్చేది కన్సోల్‌ది, గేమ్ తనకంటూ వాడే పోర్టుల్ని కాదు. ఇంకో గేమ్ కొంటే ఇంకో జాబితా. రేపు ఎవరైనా నింటెండో స్విచ్ తెస్తే వాళ్ళ సపోర్ట్ పేజీ ఒక్క స్విచ్‌కే పదుల వేల పోర్టుల రేంజ్ ఇవ్వమంటుంది, అప్పుడు మీ జాబితా ఎక్కడ పెడతారు? ఒకే గేమ్ రెండు కన్సోళ్ళలో ఆడే ఇంట్లో, ఎవరికి ఏ పోర్టు ఖాళీగా ఉందో అప్పటికప్పుడు అడిగి తీసుకునే పద్ధతే పనిచేస్తుంది. దాని పేరే యూపీఎన్‌పీ.

డల్లాస్_మామ
ఇంత రాద్ధాంతం ఎందుకర్రా. కన్సోల్‌ని డీఎంజెడ్‌లో పడేయండి, అంటే బయటి నుంచి వచ్చేవన్నీ దానికే పంపమని రౌటర్‌కి చెప్పండి. మా అబ్బాయి పీఎస్5 అలాగే నడుస్తోంది, ఏ గొడవా లేదు. కన్సోల్ ఏమన్నా విండోస్ పీసీనా, దాన్ని హ్యాక్ చేసి ఎవడేం చేసుకుంటాడు.

రాత్రి_షిఫ్ట్
మామగారూ, మీ ఇంట్లో ఒకటే కన్సోల్. డీఎంజెడ్ ఒక్క ఐపీకే పెట్టగలం. ఈయన ఇంట్లో అన్నని పెడితే తమ్ముడు ఏడుస్తాడు, తమ్ముణ్ణి పెడితే అన్న.

ఫైబర్_కట్టర్
నేను ఇళ్ళకి ఫైబర్ కనెక్షన్లిచ్చే పనిలో ఉన్నా. ఇందాకట్నుంచి చూస్తున్నా, మీరు ముగ్గురూ పోట్లాడుకుంటున్నారు గానీ ఆ అబ్బాయికి పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదు. తమ్ముడూ, రౌటర్ పేజీలో వాన్ ఐపీ అని ఒక నంబర్, అంటే రౌటర్‌కి బయటి వైపున్న అడ్రస్, ఉంటుంది, అది చూడు. తర్వాత గూగుల్‌లో నా ఐపీ ఏంటని వెతికితే ఇంకో నంబర్ వస్తుంది. రెండూ ఒకటే అయితే ఈ గొడవంతా నీకు పనికొస్తుంది. వాన్ ఐపీ 192.168తోనో 10తోనో మొదలైతే చాలాసార్లు అర్థం ఏంటంటే నెట్ వాళ్ళ డబ్బా ఒక నాట్ (వెనకున్న పరికరాలన్నిటినీ ఒకే ఐపీ వెనక పెట్టడం), నీ రౌటర్ ఇంకో నాట్, డబుల్ నాట్ అన్నమాట. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే సీజీ నాట్, అంటే పబ్లిక్ ఐపీ ఒక్కదాన్ని నీతో పాటు ఇంకా ఎన్నో ఇళ్ళు పంచుకుంటున్నాయి. ఆ రేంజ్‌ని ఈ పని కోసమే 2012లో ఆర్ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంతో పక్కన పెట్టారు.

సీజీ నాట్ ఉంటే నువ్వు యూపీఎన్‌పీ ఆన్ చేసినా, పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, డీఎంజెడ్‌లో పెట్టినా తెరుచుకునేది నీ రౌటర్ తలుపే. అపార్ట్‌మెంట్ మెయిన్ గేటుకి తాళం వేసి ఉండగా నువ్వు ఫ్లాట్ తలుపు బార్లా తీసి కూచుంటే పార్సిల్ వాడు ఎలా వస్తాడు? మన దగ్గర ఇప్పుడు కొత్త కనెక్షన్ తీసుకున్నవాళ్ళలో ఇది చాలా మామూలు, వైర్ లేకుండా 5జీ మీద వచ్చే ఇంటి ఇంటర్నెట్ అయితే చెప్పే పనే లేదు. యూట్యూబ్ వీడియోల్లో దీని ఊసుండదు, ఎందుకంటే అవి చేసేవాళ్ళలో ఎక్కువమందికి బయటి దేశాల్లో కేబుల్ లైన్ మీద పబ్లిక్ ఐపీ దానంతటదే వస్తుంది.

డల్లాస్_మామ
అది నిజమే, ఇక్కడ కేబుల్ తీసేసి 5జీ హోం ఇంటర్నెట్‌కి మారిన మా పక్కింటివాళ్ళకి ఇదే గోల.

కూకట్‌పల్లి_కంట్రోలర్
చూశానన్నా. వాన్ ఐపీ 192.168.1.5 అని ఉంది. నెట్ వాళ్ళ డబ్బాలోకి లాగిన్ అయితే దానికి 100.72తో మొదలయ్యే నంబర్ కనపడింది. అంటే రెండు రోగాలూ ఉన్నట్టేనా?

ఫైబర్_కట్టర్
రెండూ ఉన్నాయి. డబుల్ నాట్ నీ చేతిలో పని. నెట్ వాళ్ళకి ఫోన్ చేసి డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అది నాట్ చెయ్యకుండా లైన్‌ని నేరుగా నీ రౌటర్‌కి వదిలేలా) పెట్టమను, పీపీపీఓఈ (లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని నీ రౌటర్లో వేసుకో. వాళ్ళు కుదరదంటే నీ రౌటర్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చు, అప్పుడు నాట్ చేసే పెట్టె ఒక్కటే మిగులుతుంది. రెండోది వాళ్ళ చేతిలో ఉంది. పబ్లిక్ ఐపీ కావాలని అడగాలి. కొందరు సీసీ కెమెరా ఇంటి బయటి నుంచి చూసుకోవాలంటే ఊరికే మార్చేస్తారు, కొందరు స్టాటిక్ ఐపీ అని నెలకి విడిగా డబ్బు తీసుకుంటారు, కొందరు అసలివ్వరు. కస్టమర్ కేర్‌లో గేమ్ అంటే నవ్వుతారు, వీపీఎన్, ఆఫీసు పని అని చెప్పు.

పోర్టు_పంతులు
అబద్ధం చెప్పమంటారేంటండీ, గేమ్ ఆడటం నేరమా.

ఫైబర్_కట్టర్
నేరం కాదు సార్, టికెట్ క్లోజ్ చేసేస్తారు.

అమ్మే_అడ్మిన్
మా ఇంట్లో రౌటర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది, ఇద్దరు మగపిల్లలు, రెండు పీఎస్5లు. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: మీరు ఆడే గేమ్‌కి అసలు నాట్ టైప్‌తో ఎంత పని? ఫోర్ట్‌నైట్ లాంటివి కంపెనీ సర్వర్ మీద నడుస్తాయి, కన్సోలే బయటికి వెళ్ళి కలుస్తుంది కాబట్టి మ్యాచ్‌కి దీంతో పెద్ద తేడా రాదు. జీటీఏ ఆన్‌లైన్, టెక్కెన్ 8, స్విచ్‌లో మారియో కార్ట్ లాంటివాటిల్లో ఆటగాళ్ళ కన్సోళ్ళు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అక్కడే అసలు నొప్పి. పిల్లలు ప్లేస్టేషన్‌లో టైప్ 2 చూసి టైప్ 1 కావాలని ఏడుస్తారు. టైప్ 1 అంటే మధ్యలో రౌటర్ లేకుండా నేరుగా కలిపినట్టు, టైప్ 2 అంటే రౌటర్ వెనక సవ్యంగా ఉన్నట్టు. టైప్ 3 వస్తేనే ఆలోచించాలి. ఎక్స్‌బాక్స్‌లో వేరు, అక్కడ ఓపెన్ అందరితో కలుస్తుంది, మోడరేట్‌కి స్ట్రిక్ట్‌తో కుదరదు, స్ట్రిక్ట్‌కి ఓపెన్ తప్ప ఇంకెవరితోనూ కుదరదు. ప్రశ్న అడిగినాయన మోడరేట్, వాళ్ళ తమ్ముడు స్ట్రిక్ట్. గోడ అవతల నుంచి అరుచుకోవడం మరి వింతేముంది!

కేబుల్_వేసుకో_ముందు
నాట్ ఓపెన్ అయినా లాగ్ పోతుందనుకోకండి, అది వేరే రోగం. ఒకరు ఆడుతుంటే ఇంకొకరి కన్సోల్‌లో 100 జీబీ అప్‌డేట్ దిగుతుంటుంది, అమ్మ ఫోన్ గ్యాలరీ అంతా బ్యాకప్‌కి ఎక్కుతుంటుంది, గేమ్ ప్యాకెట్లు రౌటర్ క్యూలో వెనక నిలబడతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్లో ఎస్‌క్యూఎం (ఆ క్యూని సర్దే సెట్టింగ్) ఉంటే, అందులో కేక్ గానీ ఎఫ్‌క్యూ కోడెల్ గానీ అనే పద్ధతి ఉంటే, లైన్ వేగంలో 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. గేమింగ్ రౌటర్ అని ఎర్ర లైట్లున్నదాన్ని కొనక్కర్లేదు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే మామూలు రౌటర్ చాలు. వైఫై బదులు కేబుల్ వెయ్యమని నేను మళ్ళీ చెప్పను, పేరులోనే ఉంది.

పోర్టు_పంతులు
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మాట వచ్చింది కాబట్టి, నేను ఒప్పుకునే యూపీఎన్‌పీ ఒకటుంది. అందులో వాడే యూపీఎన్‌పీ ప్రోగ్రాం మినీయూపీఎన్‌పీడీకి నియమాలు రాయొచ్చు: ఫలానా ఐపీలు అడిగితేనే, 1024 పైనున్న పోర్టులే తెరువు, మిగతా ఎవరడిగినా కాదను. కన్సోళ్ళ మూడు ఐపీలు రిజర్వ్ చేసి వాటికి మాత్రమే అనుమతిస్తే నాకు అభ్యంతరం లేదు. అందరికీ తలుపు తెరిచే మామూలు ఆన్ బటన్‌కి మాత్రం ఇప్పటికీ కాదంటాను.

రాత్రి_షిఫ్ట్
నెట్ వాళ్ళిచ్చే డబ్బాల్లో ఆ నియమాలుండవు పంతులుగారూ, ఆన్, ఆఫ్ రెండే. ఆ ఇంట్లో ఏం చెయ్యమంటారు? నేనైతే ఆన్ చేస్తాను, టీవీ, కెమెరా, స్మార్ట్ బల్బులు గెస్ట్ వైఫైలోకి తోసేస్తాను. చాలా రౌటర్లలో గెస్ట్‌లో ఉన్నవి రౌటర్‌తో ఇలా మాట్లాడలేవు, ఒకసారి పరీక్షించుకోవాలి. నెలకోసారి యూపీఎన్‌పీ పట్టిక తెరిచి అందులో ఎవరున్నారో చూస్తే చాలు, తెలియని పేరు కనపడితే అప్పుడు ఆపేయొచ్చు. ఇంకోటి, ఎక్స్‌బాక్స్‌ని స్లీప్‌లో ఉంచితే పాత పోర్టు పట్టుకుని కూర్చుంటుంది. సెట్టింగ్ మార్చాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పూర్తిగా ఆపి, రౌటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు ఒక్కో కన్సోల్ ఆన్ చెయ్యాలి. పోర్ట్ ఫార్వర్డూ యూపీఎన్‌పీ రెండూ ఒకే పోర్టుకి పెట్టకండి, ఒకటి ఎంచుకోండి.

కూకట్‌పల్లి_కంట్రోలర్
నెట్ వాళ్ళకి ఫోన్ చేశాను. బ్రిడ్జ్ చేస్తారట, పబ్లిక్ ఐపీకి మాత్రం విడిగా నెలనెలా కట్టాలంటున్నారు. కట్టడం ఇష్టం లేకపోతే ఇంకేం దారి ఉంది?

ఫైబర్_కట్టర్
నీ లైన్లో ఐపీవీ6 (అడ్రస్‌లు పంచుకోనక్కర్లేని కొత్త తరం ఐపీ) వస్తోందేమో చూడు. ఎక్స్‌బాక్స్ వన్ నుంచీ ఎక్స్‌బాక్స్ ఐపీవీ6 దొరికితే దాన్నే ముందు వాడుతుంది, అవతలివాడికి కూడా ఉంటే సీజీ నాట్ అడ్డే రాదు. రౌటర్లో ఐపీవీ6 ఆన్ చెయ్యి, బ్రిడ్జ్ చేయించుకో, యూపీఎన్‌పీ సంగతి ఆ తర్వాత చూద్దాం. పీఎస్5 మీద మీ బావకి టైప్ 3 రాకపోతే దాన్ని ముట్టుకోకు. అప్పటికీ ఇద్దరికీ కుదరకపోతే ఒక్క నెల పబ్లిక్ ఐపీకి కట్టి తేడా చూడు, ఏడాది ప్లాన్ మాత్రం ముందే కట్టకు.

పోర్టు_పంతులు
పబ్లిక్ ఐపీ తీసుకునే ముందు ఒక మాట. సీజీ నాట్ వెనక ఉన్నన్నాళ్ళూ ఆ మెయిన్ గేటే బయటివాళ్ళని ఆపింది. అది తీసేశాక మొత్తం మీ రౌటర్ మీదే పడుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా? బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే ఆప్షన్ ఆఫ్‌లో ఉందా? ఇంతకీ ఆ ఇంట్లో సీసీ కెమెరా ఉందా లేదా, ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి_కంట్రోలర్
ఉందండీ, గేటు దగ్గరొకటి, మెట్ల దగ్గరొకటి. డీవీఆర్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కే ఉంది, గెస్ట్ వైఫైలోకి ఎలా మార్చాలి?

రాత్రి_షిఫ్ట్
మార్చలేవు, కేబుల్ మీద ఉన్నదానికి విడిగా వీలాన్ (అదే రౌటర్లో వేరుగా కట్టే నెట్‌వర్క్) కావాలి, మీ రౌటర్ మోడల్ చెప్పు. అప్పటిదాకా డీవీఆర్ మెనూలోకి వెళ్ళి నెట్‌వర్క్ పేజీలో యూపీఎన్‌పీ టిక్ తీసెయ్యి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంటే ఇవాళే మార్చు.