వరద తర్వాత పర్యావరణం మీద మీ మాట మారిందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొర్లగుంట వాసి:
2021 నవంబరు మొదట్లో ప్రధాని గ్లాస్గో వాతావరణ సదస్సులో '2070కల్లా నెట్ జీరో' (అంటే గాలిలోకి వదిలే కర్బనం, వెనక్కి తీసుకునే కర్బనం సరిసమానం) అన్నప్పుడు నవ్విన వాళ్లలో నేనొకణ్ణి. అప్పటికి మనం ఉంటామా పోతామా అని. మూడు వారాలు తిరగలేదు, మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. ఫ్రిజ్ పోయింది. పిల్లల సర్టిఫికెట్లు మిద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టుకున్నాం. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరు చెట్లన్నా, సోలారన్నా తల ఊపాను. ఇప్పుడా ఊపు తగ్గింది, దాచుకోవడం ఎందుకు. మీకెలా ఉంది? పార్టీల గొడవ వద్దు, మీ ఇంట్లో జరిగింది రాయండి.

చెరువు కింది ఊరు:
మాది రాయలచెరువు పక్క. కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అమ్మ గేదెను విప్పి తోలేసి, తాళం వేసిన ఇంటిని చూసుకుంటూ వచ్చింది. అంత జరిగినా మా ఊళ్లో 'వాతావరణ మార్పు' అనే మాట ఎవరి నోటా రాలేదు. కాలువలు పూడిపోయాయి, ఆక్రమించేశారు అన్నారు. అదీ నిజమే. ఆక్రమణలు తీస్తామంటే ఊరంతా సై. టేపు తమ గట్టు దాకా వస్తే మాత్రం కొలతే తప్పంటారు.

టీచరమ్మ:
శ్రీకృష్ణనగర్‌లో భూమిలోని నీళ్ల సంపు సిమెంటు వరలతో సహా పైకి లేచి నిలబడింది, గుర్తుందా? చూడ్డానికి జనం తిరునాళ్లలా వచ్చారు. భయం పోయాక అది వింతగా మిగిలింది, అంతే.
నేను చూసిన అసలు మార్పు కొండ మీద. ప్లాస్టిక్ బాటిళ్లు వద్దన్నప్పుడు మా ఇంట్లో ఎంత విసుక్కున్నారో. ఇప్పుడు మా చెల్లెలు చెన్నై నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకుంటుంది, అడిగేవాళ్లు లేకపోయినా. అందరికీ ఒకటే రూలు కాబట్టి ఒప్పుకున్నారని నా లెక్క. ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. కింద మా వీధి టిఫిన్ బండి దగ్గర ఇంకా అవే.

గ్రీమ్స్‌పేట:
నన్ను పర్యావరణ ప్రేమికుణ్ణి చేసింది వరద కాదు, కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీలు. మిద్దె మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టించాను. సబ్సిడీ 78,000. మనం వాడింది, గ్రిడ్‌కు ఇచ్చింది రెండూ లెక్కేసే నెట్ మీటరు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి, అది వేరే కథ. ఇప్పుడు ఉదయం పదింటికి మా ఆవిడ మిద్దెక్కి పలకల మీద దుమ్ము తుడుస్తుంది. పదింటికి వేడి పలకల మీద నీళ్లు పోయకూడదు, తెల్లవారే చెయ్యమంటే వినదు.

మామిడి రైతు, బంగారుపాళ్యం:
సార్, మాకు అనుమానమే లేదు, కాలం మారింది. పూత ఒక్కసారి రావడం లేదు. ఒకే చెట్టుకు పిందె, పూత రెండూ. మందు ఒకసారికి రెండుసార్లు కొట్టాలి. తోతాపురి కోసి ర్యాంపు (కాయలు కొనే చోటు) దగ్గర ట్రాక్టరు నిలబెడితే రేటు మన చేతిలో ఉండదు. డ్రిప్పు వచ్చిన కొత్తలో పైపులు ఎలుకలు కొరుకుతాయని నవ్వారు. బోర్లు ఎండాక వాళ్లే సబ్సిడీ కోసం వరుస కట్టారు. కానీ మోటారుకు మీటరంటే మాత్రం ఒప్పుకోం. ఈరోజు మీటరు పెడితే రేపు బిల్లొస్తుంది. ఎవరెంత చెప్పినా ఆ భయం పోదు.

అద్దె ఇంటివాడు:
అందరూ మిద్దెల గురించే మాట్లాడుతున్నారు. మిద్దె ఓనరుది, బిల్లు నాది. ఆయన ఎందుకు పెట్టిస్తాడు? కుప్పం దగ్గర నడిమూరులో 2025లో ఊరంతటికీ సోలార్ అన్నారు, అలాగైతే కాదనేవాడుండడు. మాలాంటివాళ్లం వ్యతిరేకం కాదు, లెక్కలోనే లేము.

అలిపిరి:
కొండకు కరెంటు బస్సులు 2022 సెప్టెంబరులో వచ్చాయి. కరెంటు బొగ్గుదే కదా అని మా నాన్న వాదన. కానీ ఘాట్ రోడ్డులో డీజిల్ వాసనకు వాంతి చేసుకునే మనిషి, ఇప్పుడు ఆ బస్సు వచ్చేదాకా నిలబడతాడు.

అద్దె ఇంటివాడు:
గ్రీమ్స్‌పేట అన్నా, మా ఓనరుకు చూపించడానికి మీ పాత బిల్లు, కొత్త బిల్లు ఫొటోలు పెడతారా?

గ్రీమ్స్‌పేట:
సాయంత్రం పెడతా తమ్ముడూ. ఏప్రిల్‌ది మాత్రం అడగొద్దు, ఏసీ కొన్నాం.