అప్‌డేట్: 45 వేలలోపు ల్యాప్‌టాప్ కొనేశాం

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి, చదువుతో పాటు మైన్‌క్రాఫ్ట్, వాలొరెంట్ ఆడుకోవడానికి 45 వేలలోపు ఏది మేలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అక్కరకొచ్చింది ఒక్క మాట: "రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో చూడండి." అంటే మరో ర్యామ్ (మెమరీ) ముక్క వేసుకునే చోటు. నేను రైజెన్ 5 7520యూ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ వైపు మొగ్గాను, అంకె పెద్దది కదా అని. తీరా చూస్తే అందులో నాలుగు కోర్లే (లెక్కలు చేసే భాగాలు), ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. పాత 5500యూలో ఆరు కోర్లు! సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అదున్న ల్యాప్‌టాపే తీసుకున్నాం.

మొదటి వారం 8 జీబీతో వాలొరెంట్ ఆగి ఆగి నడిచింది. వాడి ముఖం చూడాలి. మరో 8 జీబీ ముక్క వేయించాక సాఫీగా నడుస్తోంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కనుక బొమ్మల పనికి కూడా ప్రాసెసర్ చిప్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుందట. రెండు ముక్కలుంటే డేటా వెళ్లే దారి రెండింతలు వెడల్పు. స్క్రూలు విప్పి, బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

టచ్ స్క్రీన్, ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ5 మేలా ఐ7 మేలా అన్న చర్చ మాకు అవసరమే పడలేదు. వెబ్‌క్యామ్ మాత్రం నాసిరకం. ఆన్‌లైన్ క్లాసుల్లో వాడు నీడలా కనిపిస్తాడు, వాడికి అదే ఇష్టం.